మకాఫ్‌ని హైఫన్ అనుకున్నాం: ఒక హీబ్రూ పుస్తకం లేఅవుట్ కేసు

కొన్నేళ్ల కిందటి పని ఇది. పుస్తకం పేరు, ప్రచురణకర్త, మధ్యలో ఉన్న ఏజెన్సీ, ఇవేవీ చెప్పను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను కూడా. తప్పులో పెద్ద వాటా మాదే కాబట్టి ఎవరినో కాపాడటానికి దాస్తున్నానని అనుకోకండి. కుడి నుంచి ఎడమకి నడిచే లిపితో పేజీలు కట్టే వాళ్లెవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

నేపథ్యం

మాది హైదరాబాద్‌లో చిన్న టీమ్. బయటి దేశాల ప్రచురణకర్తలకి పేజీలు కట్టి, పీడీఎఫ్, ఈబుక్ తయారు చేసి పంపుతాం. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ రోజూ ఉంటాయి, అరబిక్ అప్పుడప్పుడు వస్తుంది. హీబ్రూలో అప్పటికి రెండు బ్రోచర్లు తప్ప ఏమీ చేయలేదు. నాకు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదవడం వచ్చు గానీ భాష రాదు.

వచ్చిన పుస్తకం ఇజ్రాయెల్‌లోని ఒక చిన్న ప్రచురణకర్తది. బైబిల్ భాగాలు, ఒక్కో భాగం కింద ఆధునిక హీబ్రూలో వ్యాఖ్యానం, చివర్లో రచయిత కుటుంబం పాత ఉత్తరాలు కొన్ని. బైబిల్ భాగాల్లో అక్షరాల కిందా పైనా అచ్చుల గుర్తులుంటాయి, వాటిని నికూద్ అంటారు. పారాయణకి స్వరం చెప్పే గుర్తులు ఇంకో వరస, అవి తెఆమీమ్. వ్యాఖ్యానంలో ఈ గుర్తులేవీ ఉండవు, అక్కడి దినపత్రికల్లో లాగే ఉత్త హల్లులు. అంటే ఒకే పేజీలో రెండు రకాల హీబ్రూ. ఈ సంగతి మొదటి రోజే తలకెక్కించుకుని ఉంటే సగం టెన్షన్ తప్పేది.

సమస్య ఎలా బయటపడింది

మొదటి ప్రూఫు పంపాక అక్కడి ఎడిటర్ నుంచి జవాబు వచ్చింది. ఆవిడ మర్యాదగానే రాశారు, కానీ విషయం సూటిగా ఉంది: బైబిల్ భాగాల్లో ప్రతి మాట మధ్యలో మైనస్ గుర్తులు ఎందుకు పెట్టారు?

మేం మైనస్‌లేవీ పెట్టలేదు. తెరిచి చూస్తే ఆవిడ అంటున్నది హైఫన్ల గురించి. ఆదికాండం 1:4లో 'వెలుగు మంచిదైనట్టు' అనే వాక్యం ఉంది కదా, అక్కడ హీబ్రూలో ఎత్-హాఓర్, కీ-తోవ్ అని రెండు జంటలు వస్తాయి. మా పేజీలో ఆ రెండు చోట్లా చిన్న గీత అక్షరాల నడుము దగ్గర వేలాడుతోంది. ఉండాల్సింది అక్కడ కాదు. హీబ్రూ అక్షరాల్లో చాలావాటికి పైన అడ్డంగా ఒక గీత ఉంటుంది, మన అక్షరాలకి తలకట్టు ఉన్నట్టు. మాటల్ని కలిపే గుర్తు కూడా సరిగ్గా ఆ ఎత్తులోనే ఉండాలి. దాని పేరు మకాఫ్. అది హైఫన్‌కి ఇంకో బొమ్మ కాదు, కంప్యూటర్లో ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక నంబరిచ్చే యూనికోడ్‌లో దానికి సొంత నంబరుంది, 05బీఈ. దశాంశంలో 1470.

ఇంతకీ అది చేసే పనేంటో ఎడిటర్‌తో వీడియో కాల్లో కూర్చున్నాకే అర్థమైంది. బైబిల్ పాఠంలో మకాఫ్ కలిపిన మాటల్ని ఒకే ఊనికతో చదవాలి. ముందు మాట తన సొంత స్వర గుర్తుని వదులుకుంటుంది, చాలాసార్లు అచ్చు కూడా కుదించుకుంటుంది. ఆవిడ చూపించిన ఉదాహరణ ఆదికాండం మొదటి వచనం. 'ఆకాశమును' అనే చోట ఏత్ హష్షామాయిమ్ అని ఉంటుంది. ఈ ఏత్ మన 'ని, ను' లాంటి విభక్తి పని చేస్తుంది, కాకపోతే నామవాచకానికి ముందు నిలబడుతుంది. అక్కడ మకాఫ్ లేదు, ఏత్‌కి సొంత స్వర గుర్తు ఉంది, కింద త్సేరె అనే రెండు చుక్కల గుర్తు ఉంది. నాలుగో వచనానికి వచ్చేసరికి అదే మాట మకాఫ్‌తో 'వెలుగు'కి అతుక్కుంది, కింద మూడు చుక్కల సెగోల్ వచ్చింది, ఏత్ కాస్తా ఎత్ అయింది. మనకి ఎ, ఏ విడివిడిగా ఉన్నాయి కాబట్టి నాకు చప్పున పట్టుబడింది. ఇప్పటి ఇజ్రాయెల్ మాటతీరులో ఈ తేడా వినిపించదట, కాగితం మీద మాత్రం తప్పకూడదు.

ఆధునిక హీబ్రూలో దాని పని వేరు. బేత్-సేఫెర్ అంటే బడి, దు-లెషోని అంటే రెండు భాషల, ఇలాంటి జంట మాటల మధ్య వస్తుంది. ఇంకా ముఖ్యంగా, ఒంటి అక్షరం ఉపసర్గని అంకెకి కలపడానికి వస్తుంది. మనం 1948లో అని అంకె వెనక 'లో' తగిలిస్తాం, వాళ్లు బె అనే ఒక్క అక్షరం ముందు పెట్టి, మకాఫ్ వేసి, 1948 రాస్తారు.

కారణం మా ఇంట్లోనే

మొదట రచయిత మీద అనుమానపడ్డాం. చాలామంది ఇజ్రాయెలీలు కంప్యూటర్లో మకాఫ్ బదులు మామూలు హైఫన్ కొట్టేస్తారని తెలుసు, ఎందుకంటే పాత కీబోర్డుల్లో దానికి మీట కనపడదు. 2013లో సవరించిన ఇజ్రాయెల్ కీబోర్డు ప్రమాణంలో కుడి ఆల్ట్, హైఫన్ కలిపి నొక్కితే వస్తుంది, మ్యాక్‌లో హీబ్రూ కీబోర్డు పెట్టుకుని ఆప్షన్, హైఫన్ నొక్కితే వస్తుంది. కానీ వేళ్లకి అలవాటైనదాన్ని ఎవరు మార్చుకుంటారు.

అసలు ఫైలు తెరిస్తే వ్యాఖ్యానంలో నిజంగానే హైఫన్లు ఉన్నాయి, బైబిల్ భాగాల్లో మాత్రం శుభ్రంగా మకాఫ్‌లే ఉన్నాయి. మరి మధ్యలో ఏమైంది? మా దగ్గర ఏ ఫైలు వచ్చినా ముందు నడిపే ఒక క్లీనింగ్ స్క్రిప్టు ఉంది. డబుల్ స్పేస్‌లు తీసేస్తుంది, వంకర కొటేషన్లు సరిచేస్తుంది, రకరకాల డాష్‌లన్నిటినీ ఒకే హైఫన్‌గా మారుస్తుంది. యూనికోడ్ లెక్కలో మకాఫ్ కూడా 'డాష్ జాతి' గుర్తే, కాబట్టి దాన్నీ మింగేసింది. రాసింది నేనే. తెలుగు, ఇంగ్లిష్ పుస్తకాల మీద ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది, అందుకే ఎప్పుడూ తిరిగి చూడలేదు.

చేసి చూసినవి, బెడిసికొట్టినవి

గడువు దగ్గరపడింది. ముందు చేసింది డీటీపీ వాళ్లందరం చేసే చిట్కా: హైఫన్‌కి ఒక క్యారెక్టర్ స్టైల్ కట్టి, కాస్త పైకి లేపి, కొంచెం వెడల్పు చేసి, తలకట్టు ఎత్తుకి తెచ్చాం. అచ్చులో చూస్తే తేడా కనిపెట్టడం కష్టం. దీన్ని ఎందుకు వదిలేశామంటే, పుస్తకం ఈబుక్‌గా కూడా పోవాలి. అక్కడ ఆ స్టైల్ నిలబడుతుందన్న గ్యారంటీ లేదు, పాఠకుడు వచనాన్ని కాపీ చేసుకుంటే చేతికొచ్చేది మళ్లీ హైఫనే. బొమ్మ సరిగ్గా ఉండి లోపలి అక్షరం తప్పుగా ఉండటం ఎలాంటి తలనొప్పో, యూనికోడ్ కాని పాత తెలుగు 'అను' ఫాంట్ల కాలం నుంచి వచ్చిన మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండోది అందరికీ తట్టే దారి. మా టీమ్‌లో చిన్నవాడు ఒక సాయంత్రం వచ్చి, "అక్కా, అయిపోయింది, రీప్లేస్ ఆల్ కొట్టేశా, పుస్తకం మొత్తం మకాఫ్‌లే" అన్నాడు. నేనూ నాలుగు పేజీలు తిప్పి చూసి సరే అన్నాను. ఆ నాలుగూ బైబిల్ పేజీలే.

మర్నాడు కాపీరైట్ పేజీ చూస్తే ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు నంబరు, తిరగబడి ఉంది. ఇజ్రాయెల్ పుస్తకాల నంబరు 978-965 అని మొదలవుతుంది. మా పేజీలో 978 కుడి చివరికి పోయింది, 965 దాని పక్కన, ఆఖరి చెక్ అంకె ఎడమ చివర. ఒక్కో గుంపులో అంకెలు సరిగ్గానే ఉన్నాయి, గుంపుల వరస మాత్రం తలకిందులైంది. ఫోన్ నంబరుదీ అదే గతి, టెల్ అవీవ్ కోడ్ 03 నంబరు చివర తేలింది. వెబ్ చిరునామాలో హైఫన్ ఉంటే అది మకాఫ్ అయి లింకు చచ్చిపోయింది.

ఎందుకలా అయిందో ఇక్కడ కాస్త ఆగి చెప్పుకోవాలి, ఈ కేసు మొత్తానికీ కీలకం ఇదే. కుడి-ఎడమ లిపుల్లో ప్రతి గుర్తుకీ యూనికోడ్ ఒక దిశ స్వభావం ఇస్తుంది. మకాఫ్‌కి హీబ్రూ అక్షరంతో సమానంగా, గట్టిగా కుడి నుంచి ఎడమకి అనే స్వభావం ఉంది. హైఫన్‌కి అంత సొంత బుద్ధి లేదు. రెండు అంకెల మధ్య ఒంటిగా ఉంటే అంకెలతో కలిసిపోయి వాటి దిశలోనే, ఎడమ నుంచి కుడికి, నడుస్తుంది. కాబట్టి 978-965లో హైఫన్ ఉన్నంతసేపూ అదంతా ఒకే అంకెల వరస. దాన్ని తీసి మకాఫ్ పెట్టగానే రెండు నంబర్ల మధ్య ఒక హీబ్రూ అక్షరం దూరినట్టే. ఇక ఆ ముక్కలు పేరా దిశ ప్రకారం కుడి నుంచి పేర్చుకుంటాయి. సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు, మేం అడిగిందే చేసింది.

వాక్యం మధ్యలో అటూ ఇటూ స్పేస్ ఇచ్చి కొట్టిన హైఫన్లు ఇంకో గోల. రచయిత వాటిని డాష్‌గా వాడారు, ఊపిరి తీసుకోవడానికి. వాటి స్థానంలో మకాఫ్ వస్తే రెండు స్పేస్‌ల మధ్య నెత్తిన ఎక్కి కూర్చున్న గీతలా ఉంది. ఎడిటర్ ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి, ఎర్ర వృత్తాలు చుట్టి పంపారు. వృత్తాలు లెక్కపెట్టే ధైర్యం చాల్లేదు.

ఏది పనిచేసింది

మొదటి నిర్ణయం, చెడిన ఫైలుని బాగుచేయకుండా పక్కన పడేయడం. మూడు రోజుల లేఅవుట్ పని పోతుందని టీమ్‌లో గొడవైంది. నా వాదన ఒకటే: స్క్రిప్టు నడిచాక నాలుగు రకాల గీతలు ఒకే రకంగా మారాయి, ఏది ఏదో చెప్పే సమాచారం ఆ ఫైల్లో ఇక లేదు, ఊహించి పెట్టాలి. అసలు ఫైల్లో కనీసం బైబిల్ భాగం మకాఫ్‌లు భద్రంగా ఉన్నాయి. స్క్రిప్టులో ఆ డాష్ నియమం తీసేసి, మళ్లీ మొదటి నుంచి తెచ్చుకున్నాం.

తర్వాత వ్యాఖ్యానంలోని హైఫన్లు. ఈసారి గీతని కాకుండా దాని ఇరుగుపొరుగుని చూశాం. రెండు పక్కలా హీబ్రూ అక్షరం ఉంటే మకాఫ్. ఒక పక్క హీబ్రూ ఉపసర్గ, ఇంకో పక్క అంకె లేదా పరాయి లిపి మాట ఉన్నా మకాఫే. రెండు పక్కలా స్పేస్ ఉంటే డాష్. రెండు పక్కలా అంకెలు, లేదా చిరునామాలు, ఈమెయిళ్లు అయితే ముట్టుకోవద్దు. వీటిలో దేనికీ లొంగనివి ఒక జాబితాగా ఎడిటర్‌కి పంపాలి. రాయడానికి చిన్నగా ఉంది గానీ సంవత్సరాల వ్యవధుల దగ్గర మళ్లీ ఆగాం. 1939-1945 అని హైఫన్‌తో రాస్తే 1939 ఎడమన ఉంటుంది, కుడి నుంచి చదివే మనిషికి 1945 ముందు తగులుతుంది. డాష్ పెడితే 1939 కుడికి వస్తుంది. ఏది కావాలి? ఇది మేం తేల్చే విషయం కాదు. ఎడిటర్ తమ సంస్థ పద్ధతి కుడి నుంచే అన్నారు, కాబట్టి సంవత్సరాలకి డాష్, ఐఎస్‌బీఎన్‌కి, ఫోన్లకి హైఫన్. వచన సంఖ్యలతో బాధే లేదు, వాటిని అంకెల్లో కాకుండా అక్షరాల్లో రాస్తారు, ఆలెఫ్ అంటే ఒకటి, దాలెత్ అంటే నాలుగు, అలా. అక్షరాల మధ్య ఏ గీతైనా బుద్ధిగా ఉంటుంది.

ఈ నియమాలు వ్యాఖ్యానంలో చక్కగా నడిచాయి, చివరి ఉత్తరాల్లో కూడా నడిచాయి. వ్యాఖ్యానం మధ్యలో రచయిత తనే టైపు చేసిన బైబిల్ ముక్కల దగ్గర తప్పాయి. అవి నికూద్‌తో ఉన్నాయి, మధ్యలో గీతలేమో హైఫన్లు. మార్చాల్సినవి చాలా మారాయి, ఆదికాండం 12:1 మాత్రం అలాగే ఉండిపోయింది. అబ్రాముకి దేవుడు వెళ్లమని చెప్పే చోట లెఖ్-లెఖా అనే జంట అది. యూదుల ప్రార్థనా మందిరాలైన సినగాగుల్లో వారానికొక భాగం చదువుతారు కదా, ఆ వారం భాగం పేరే ఈ మాట. అలాంటి చోట తప్పు వదిలితే పుస్తకం తెరిచిన మొదటి మనిషే పట్టుకుంటాడు. కారణం వెతికితే చిన్నది: లెఖ్ అనే మాట చివరి అక్షరం కడుపులో షెవా అనే రెండు చుక్కలు ఉన్నాయి. కంటికి అవి అక్షరంలో భాగం, కంప్యూటర్‌కి మాత్రం అక్షరం తర్వాత వచ్చే ఇంకో క్యారెక్టర్. మా నియమం 'హైఫన్‌కి వెంటనే ముందు హీబ్రూ అక్షరం ఉండాలి' అని వెతుకుతోంది, అక్కడ దానికి తగిలింది షెవా. తెలుగులో 'కి'ని ఒక అక్షరం అనుకుంటాం, లోపల క, గుడి రెండూ వేరుగా ఉంటాయి. సొంత భాషలో రోజూ చూసేదే, పరాయి లిపిలో గుర్తుకు రాలేదు. నియమంలో 'అక్షరం, ఆ తర్వాత ఎన్ని చుక్కలైనా' అని చేర్చాం.

అదే ముక్కల్లో కొన్నిచోట్ల మకాఫ్ బదులు ఉత్త స్పేస్ ఉంది. దీన్ని ఎలా పట్టుకోవాలి? మావాడు తెలివైన ఆలోచన చెప్పాడు: ఎత్ కింద సెగోల్ ఉండి పక్కన మకాఫ్ లేకపోతే అది తప్పే కదా, ఆటోమేటిక్‌గా పెట్టేద్దాం. బాగానే ఉందనిపించింది, ఎడిటర్‌ని అడిగాం. ఆవిడ నవ్వి సామెతలు 3:12 తెరిచి చూపించారు. అక్కడ ఎత్ సెగోల్‌తోనే ఉంది, సొంత స్వర గుర్తుతో, మకాఫ్ లేకుండా. ఇలాంటివి అరుదు, కానీ ఉన్నాయి, పాఠాన్ని కాపాడిన మాసొరెట్ పండితులు వాటిని ఉన్నవి ఉన్నట్టే నిలబెట్టారు. పైగా కొన్ని మకాఫ్‌ల విషయంలో ముద్రణకీ ముద్రణకీ, ప్రతికీ ప్రతికీ తేడాలుంటాయి. అంటే మేం పెట్టే ప్రతి 'దిద్దుబాటూ' పాఠాన్ని మార్చడమే కావచ్చు. అందుకని రచయిత వాక్యాల్లోంచి గుర్తులన్నీ తీసేసి, ఉత్త హల్లులతో ప్రచురణకర్త ఒప్పుకున్న బైబిల్ పాఠంలో ఆ వచనాన్ని వెతికి, రెండిటినీ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నచోట రంగు వేసి ఇచ్చాం. మార్చడం ఎడిటర్ చేతిలో పని. ఆవిడకి రెండు మధ్యాహ్నాలు పట్టింది.

వరస విరిగే చోట్ల సంగతి. సన్న కాలమ్‌లో బె-1948 వచ్చినప్పుడు మా సాఫ్ట్‌వేర్ మకాఫ్ తర్వాత లైన్ విరిచేది, బె ఒక్కటీ లైను చివర వేలాడేది, సంవత్సరం కింది లైనుకి పోయేది. కంటికి కనపడని వర్డ్ జాయినర్ అనే క్యారెక్టర్ పెడితే ఇది ఆగుతుంది. నేను ఒప్పుకోలేదు. తెలుగులో సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట్ కింద వ ఒత్తు పడకుండా మధ్యలో ఒక కనపడని క్యారెక్టర్ పెడతాం కదా, అది ఉన్న ఫైల్లో లేకుండా టైపు చేసి వెతికితే దొరక్కపోవడం ఎన్నిసార్లు అనుభవించామో. ఇంకో భాషలో ఇంకో దయ్యాన్ని నాటడం ఎందుకని, 'ఇక్కడ విరగొద్దు' అనే క్యారెక్టర్ స్టైల్ కట్టాం, పాఠంలో ఏమీ చేర్చకుండా. దీనికి ఖర్చు ఉంది, ఈబుక్‌లో ఆ స్టైల్‌ని విడిగా మళ్లీ రాయాల్సి వచ్చింది.

శీర్షికల ఫాంట్‌లో మకాఫే లేదు, ఇంకో ఫాంట్ నుంచి సన్నటి గీత అరువు తెచ్చుకుని చూపిస్తోంది. ఫాంట్‌లో మేమే గీసుకోవడానికి లైసెన్స్ ఒప్పుకోదు. ఫాంట్ మార్చేశాం.

వెతుకులాట ఆఖరున వచ్చింది. ప్రచురణకర్త సైట్‌లో పుస్తకం పాఠం వెతికే పెట్టె ఉంది. పాఠకులు బేత్-సేఫెర్‌ని హైఫన్‌తో కొడతారు, స్పేస్‌తో కొడతారు, మకాఫ్‌తో దాదాపు ఎవరూ కొట్టరు. ఇండెక్స్‌లోనూ, వెతికే మాటలోనూ మకాఫ్‌ని, హైఫన్‌ని రెండిటినీ స్పేస్‌గా మార్చి పోల్చమన్నాం. వాళ్ల డెవలపర్ మొదట మకాఫ్‌ని పూర్తిగా తీసేశాడు, మాటలు అతుక్కుపోయాయి. అలా చేయకూడదని హీబ్రూ రాతే చెబుతుంది: అయిదు అక్షరాలకి మాట చివర వేరే రూపం ఉంది, బెన్ లాంటి మాట చివర నూన్ పొడవుగా కిందకి దిగుతుంది, పక్కన మకాఫ్ ఉన్నా అలాగే దిగుతుంది. కలిసి చదివినా అవి రెండు మాటలే. అతికిస్తే మాట చివరి అక్షరం మాట నడుమకి వస్తుంది.

ఇప్పుడు ఎలా చేస్తున్నాం

ఆ క్లీనింగ్ స్క్రిప్టు ఇప్పుడు ముందు భాష అడుగుతుంది, హీబ్రూ అని చెబితే గీతల జోలికి పోదు, రకాన్నిబట్టి లెక్క చెప్పి ఊరుకుంటుంది. ఏ ప్రూఫు పంపే ముందైనా కాపీరైట్ పేజీ నేనే చూస్తాను, బైబిల్ పేజీలు ఎంత అందంగా ఉన్నా సరే. రచయితని మకాఫ్ కొట్టమని అడగడం మానేశాం. ఒకసారి అడిగితే పెద్దాయన తనకి ఎనభై దాటాయని, హైఫన్ చాలని చెప్పించారు, అదీ న్యాయమే.

రెండో ముద్రణకి కొత్త ముందుమాట వచ్చింది, నిండా హైఫన్లతో. నియమాలు నడిపితే ఎడిటర్ కోసం మిగిలిన జాబితాలో ఒక ఇంటిపేరు తేలింది, బెన్‌తో మొదలయ్యేది. ముందుమాటలో హైఫన్‌తో ఉంది, వెనక ఉత్తరంలో ఆ మనిషి తన చేత్తో స్పేస్‌తో సంతకం పెట్టుకున్నాడు. అలాంటి ఇంటిపేర్లు రెండు రకాలుగానూ రాస్తారు. ఎడిటర్ ఆయన కూతురికి ఫోన్ చేశారు. నాన్న ఎప్పుడూ విడిగానే రాసేవారని ఆవిడ చెప్పారట. ముందుమాటలో గీత తీసేసి స్పేస్ పెట్టాం, మా మినహాయింపుల ఫైల్లో మొదటి లైను ఇప్పుడు ఆ పేరే.